బడే వాళ్ళ వాకిట్లోకి నడిచింది

పొద్దుటి హడావిడి అయిపోయి, క్యారియర్లు సర్ది పంపించి, వంటిల్లు కడుక్కుని మీరు కాస్త నడుం వాల్చే వేళ ఇది. ఈ వేళ మీకు పరాయి ఊరి కథ ఒకటి చెబుతాను. పరాయి ఊరే గాని, ఆ కథలో పుట్టిన మాట ఒకటి మీ వీధి చివర బోర్డు మీద రాసి ఉంటుంది. అంగన్‌వాడీ. పాలు, గుడ్లు, టీకాలు, గర్భిణీ స్త్రీల పేర్లు రాసుకునే రిజిస్టరు, ఇవే కదండీ మనకు ఆ మాట వినగానే గుర్తొచ్చేవి. అంగన్ అంటే అంగణం, అంటే వాకిలి. వాడీ అంటే తోట. వాకిట్లో తోట! పిల్లల బడికి ఇంత చక్కని పేరు ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని నేనూ చాలా యేళ్ళు ఆలోచించలేదు. ఆలోచించేటట్టు చేసింది ఒక చిన్న పిల్ల. ముందు ఆ పిల్ల సంగతి చెప్పి తరవాత చరిత్రలోకి వెడతాను.

ముప్ఫై యేళ్ళ పైమాట. మా ఇంట్లో అంట్లు తోమడానికి ఒకావిడ వచ్చేది. తండా నుంచి పట్నానికి వలస వచ్చిన లంబాడీ మనిషి. ఆవిడ వెనకాలే నాలుగేళ్ళ కూతురు. తల్లి పని చేసుకుంటుంటే ఈ పిల్ల తులసికోట పక్కన చతికిలబడి, చింతగింజలు పోసుకుని తనలో తను ఒకటే కబుర్లు. ఆ గింజలకు పేర్లు పెట్టేది, తిట్టేది, అన్నం పెట్టేది, నిద్ర పుచ్చేది. అంతా వాళ్ళ మాటలోనే. యాడీ అంటే అమ్మ, బాటీ అంటే రొట్టె, పాణీ అంటే నీళ్ళు అని నాకు ఆ పిల్ల వల్లే తెలిసింది. ఇంత చురుకైన పిల్లను చదివించకపోతే పాపం అనిపించి, మా వీధిలోనే ఉన్న నర్సరీ స్కూల్లో నేనే ఫీజు కట్టి చేర్పించాను. గౌను, బూట్లు, టై కూడా కొన్నాను. ఇంటి దగ్గర కూడా ఊరుకున్నానా? "యాడీ కాదమ్మా, మమ్మీ అనాలి, అది రాకపోతే అమ్మ అను" అని దిద్దేదాన్ని.

మూడు నెలలు గడిచేసరికి టీచరు నన్ను పిలిచి, "ఏమండీ, ఈ పిల్ల మూగదా?" అని అడిగింది. నేను నవ్వాను. మా వాకిట్లో గంటకు వెయ్యి మాటలాడే పిల్ల మూగదేమిటి? కానీ ఇంటికొచ్చి చూద్దును కదా, కొన్నాళ్ళుగా మా వాకిట్లో కూడా ఆ కబుర్లు లేవు. చింతగింజలు అలాగే ఉన్నాయి. పిల్ల కూర్చునే ఉంది. నోరు మాత్రం మెదపదు. నేను పక్కనుంటే మరీ ముడుచుకుపోయేది. ఆ తరవాత కొద్ది రోజులకే వాళ్ళు మరో పేటకు వెళ్ళిపోయారు. మంచి చేశానని అనుకున్నదాన్ని, నేను చేసింది ఏమిటో చాలా కాలానికి గాని నాకు బోధపడలేదు. తారాబాయి మోడక్ గారి గురించి, అనుతాయి వాఘ్ గారి గురించి చదివినప్పుడు బోధపడింది.

కథ కొంచెం వెనక నుంచి రావాలి. 1907లో ఇటలీ దేశంలో రోము నగరంలో, సాన్ లొరెంజో అనే పేదల పేటలో, మరియా మాంటిస్సోరి అనే డాక్టరమ్మ చిన్న పిల్లల కోసం ఒక ఇల్లు తెరిచింది. తల్లీ తండ్రీ కూలికి పోతే మెట్ల మీద గోడలు గీకుతూ తిరిగే పిల్లలు వాళ్ళు. ఆ పిల్లల చేతికి కర్ర దిమ్మలు, రంగు బిళ్ళలు, గుండ్రని, నలుచదరపు ముక్కలు ఇచ్చి, కొట్టకుండా, తిట్టకుండా, వాళ్ళంతట వాళ్ళు నేర్చుకునే దారి చూపించింది. ఆ పద్ధతి దేశదేశాలకూ పాకింది. అయితే చూడండి విచిత్రం, పేదవాడలో పుట్టిన పద్ధతి ప్రయాణం చేసేకొద్దీ డబ్బున్న వాళ్ళ ఇళ్ళకు చేరింది. ఆ సామాను నున్నగా, కొలతకు సరిగ్గా చేయించాలి. దానికి ఖర్చు. దాన్ని వాడటం తెలిసిన టీచరు కావాలి. దానికీ ఖర్చే.

మన దేశంలో ఆ పద్ధతిని చేరదీసిన మొదటివారిలో గిజుభాయి బధేకా ఒకరు. గుజరాతీ ఆయన. తూర్పు ఆఫ్రికా వెళ్ళొచ్చి ప్లీడరు పని చేసిన మనిషి. 1913లో కొడుకు పుట్టాక, ఈ పసివాణ్ణి ఆ బెత్తాల బడికి ఎలా పంపను అని బెంగపడి, పుస్తకాలు చదివి చదివి చివరికి ప్లీడరీయే వదిలేశాడు. 1920లో భావనగర్‌లో దక్షిణామూర్తి బాలమందిరం తెరిచాడు. ఆయనకు పెద్ద మీసాలు. పిల్లలకు తల్లి కంటే ఎక్కువ. అందుకని అక్కడి జనం ఆయనను మీసాల అమ్మ అనేవారు. ఆయన రాసిన దివాస్వప్న తెలుగులో పగటికల పేరుతో వచ్చింది. దొరికితే చదవండి, ఒక మధ్యాహ్నం చాలు.

ఆయన దగ్గరకు 1923 ప్రాంతంలో ఒకావిడ పసికూతురుని చంకనేసుకుని వచ్చింది. ఆవిడే తారాబాయి మోడక్. 1892లో బొంబాయిలో పుట్టింది. ప్రార్థనా సమాజపు కుటుంబం. ఆ రోజుల్లోనే బి.ఏ. పాసయింది. అమరావతిలో ప్లీడరుతో పెళ్ళి అయింది గాని ఆ కాపురం నిలవలేదు. రాజ్‌కోటలో ఆడపిల్లల విద్యాసంస్థకు ప్రిన్సిపాలుగా మంచి జీతం మీద ఉద్యోగం. ఆ ఉద్యోగం వదులుకుని, పేరూ డబ్బూ లేని బాలమందిరానికి వచ్చింది. మనలో ఎవరైనా ఈ పని చేస్తే చుట్టపక్కాలు ఏమంటారో ఒక్కసారి ఊహించుకోండి! తొమ్మిదేళ్ళు అక్కడ పని నేర్చింది. 1926లో గిజుభాయి, ఆవిడ కలిసి నూతన బాల శిక్షణ సంఘం పెట్టారు. మాంటిస్సోరి సిద్ధాంతాలను మన పాటలకూ, మన కథలకూ, మన ఇళ్ళకూ సరిపడేటట్టు మార్చుకోవడమే ఆ సంఘం పని. 1936లో తారాబాయి బొంబాయికి వచ్చి దాదర్‌లో శిశువిహార్ నడిపింది. పేరొచ్చింది. మధ్యతరగతి వాళ్ళు పిల్లల్ని తెచ్చి చేర్పించారు. అంతా బాగానే ఉంది.

కానీ ఆవిడకు ఒక ముల్లు గుచ్చుకుంటూ ఉండేది. 1931లో గాంధీగారు రౌండ్ టేబుల్ సమావేశానికి లండన్ వెళ్ళినప్పుడు, అక్కడి మాంటిస్సోరి శిక్షణ కాలేజీకి కూడా వెళ్ళి మాట్లాడారు. ఈ చదువు ఉన్నవాళ్ళ పిల్లలతో ఆగకుండా కటిక పేద పిల్లలకు కూడా అందాలన్నది ఆయన కోరిక. మాట తేలిక, పని బరువు. పల్లెలో అంత సామాను ఎవరు కొంటారు? కొన్నా, ఆ పిల్లలకు అది తమదనిపిస్తుందా? దాదర్‌లో కూర్చుని ఈ ప్రశ్నకు జవాబు దొరకదని తారాబాయికి అర్థమయింది. అప్పటికి ఆవిడ వయస్సు యాభై దాటింది. మనం మనవలను ఎత్తుకుని, ఇంక చాలమ్మా అనుకునే వయస్సు. ఆవిడ పెట్టె సర్దుకుని పల్లెకు బయలుదేరింది.

ఆ పల్లె పేరు బోర్డీ. బొంబాయికి ఉత్తరాన, గుజరాత్ పొలిమేరకు దగ్గర్లో, సముద్రం ఒడ్డున ఉంటుంది. ఇప్పుడు పాల్‌ఘర్ జిల్లాలోది, అప్పట్లో ఠాణా జిల్లా. సపోటా తోటలకు ప్రసిద్ధి. తోటలున్న ఆసాములు ఊళ్ళో ఉంటే, చుట్టూ గుడిసెల్లో వార్లీలు, ధోడియాలు, దుబ్లాలు అనే ఆదివాసీలు ఉండేవారు. 1945 డిసెంబరులో అక్కడ గ్రామ బాల శిక్షా కేంద్రం మొదలయింది.

తారాబాయి వెంట వెళ్ళిన మనిషి సంగతి కూడా చెప్పాలి. అనుతాయి వాఘ్. 1910లో పుణె జిల్లా మోర్‌గావ్‌లో పుట్టింది. పదమూడో యేట పెళ్ళి చేశారు. ఆరు నెలలు తిరక్కుండానే భర్త పోయాడు. ఆ వయస్సుకు పెళ్ళంటే ఏమిటో, వైధవ్యమంటే ఏమిటో ఏం తెలుస్తుందండీ! మన వైపు కూడా ఆ కాలంలో అలాంటి పిల్లలు ఇంటింటా ఉండేవారు, వెనక గదుల్లో. ఈవిడ మాత్రం చదువు పట్టుకుంది. టీచరయింది, పల్లెలో చెప్పింది, పుణెలో చెప్పింది, రాత్రి బడికి పోయి మెట్రిక్ పాసయింది. 1945లో బొంబాయి దగ్గర బోరివలీలో కస్తూరిబా ట్రస్టు వారు గ్రామసేవికలకు పెట్టిన శిబిరానికి వెళ్ళి తారాబాయిని కలిసింది. తరవాత ఆవిడ వెంట బోర్డీకి వెళ్ళి, 1992లో కన్నుమూసే దాకా ఆ ప్రాంతం వదలలేదు. నలభై ఏడేళ్ళు. మధ్యలో యాభయ్యో పడిలో బి.ఏ. కూడా కట్టి పాసయింది.

బోర్డీలో బాల్‌వాడీ తెరిచారు. అంతా శుభ్రం చేసి, అలికి, బొమ్మలు పెట్టారు. ఊళ్ళో పిల్లలు వచ్చారు. హరిజనవాడ పిల్లలు రాలేదు, ఆదివాసీ గుడిసెల పిల్లలు అసలే రాలేదు. ఇక్కడే మనమైతే ఏమంటాం? "మేం తలుపులు తెరిచే పెట్టాం, వాళ్ళకే శ్రద్ధ లేదు" అంటాం. ఇప్పటికీ అంటున్నాం. ఆ ఇద్దరూ అలా అనలేదు. పిల్లలు బడికి రాకపోతే బడే పిల్లల దగ్గరకు పోవాలి అనుకున్నారు. చాప, పాటలు, దువ్వెన, నూనె సీసా, కొద్దిపాటి సామాను పట్టుకుని పొద్దున్నే వాడకు నడిచారు. ఎవరి గుడిసె ముందు కాస్త చదునుగా వాకిలి ఉంటే అక్కడ కూర్చున్నారు. అదే అంగన్‌వాడీ. ఊరి మధ్య ఇల్లు కట్టి నడిపేది బాల్‌వాడీ, వాళ్ళ వాకిట్లోకి పోయి నడిపేది అంగన్‌వాడీ. పేరు వెనక ఉన్న కథ ఇంతే. ఇంతేనా అంటే, ఇంతలోనే అంతా ఉంది.

ఎందుకంటే చూడండి. పిల్ల మన ఇంటికి వచ్చినప్పుడు ఒకలా ఉంటుంది, మనం వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఒకలా ఉంటుంది. తన వాకిట్లో తనకు భయం లేదు. అమ్మ పొయ్యి దగ్గర కనబడుతూనే ఉంటుంది. అవ్వ గుమ్మంలో కూర్చుని పంతులమ్మ వంక అనుమానంగా చూస్తూ ఉంటుంది. మాట తమది, మేక తమది, చెట్టు తమది. అక్కడ బెరుకు పడవలసింది పంతులమ్మే. నా నర్సరీ స్కూలు ప్రయత్నంలో ఇది తిరగబడింది. అక్కడ బెరుకంతా నాలుగేళ్ళ పిల్ల మీద పడింది, మాకెవరికీ ఏ బెరుకూ లేదు.

మరి సామాను? మాంటిస్సోరి పెట్టెల్లో చేతిపనికి చిన్న చట్రాలుంటాయి. గుడ్డలకు బొత్తాలు, హుక్కులు, బూట్ల తాళ్ళు కుట్టి ఉంటాయి. పిల్ల వాటిని పెట్టి తీసి, తన బట్టలు తనే వేసుకోవడం నేర్చుకోవాలి. యూరప్ పిల్లకు అది రోజూ పనికొచ్చే విద్య. గోచీ పెట్టుకునే వార్లీ పిల్లవాడికి బొత్తామెక్కడిది? బూటెక్కడిది? అందుకని ఆ ఇద్దరూ చుట్టూ చూశారు. సముద్రపు ఒడ్డున గవ్వలు, నత్తగుల్లలు, గులకరాళ్ళు. చెట్ల కింద గింజలు, కాయలు, ఆకులు, ఈనె పుల్లలు. మట్టి ఎక్కడైనా మట్టే. గవ్వలు పెద్దవీ చిన్నవీ వరసగా పేర్చితే పరిమాణం తెలుస్తుంది. గింజలు రంగుల వారీగా ఏరితే రంగు తెలుస్తుంది, లెక్క తెలుస్తుంది. ఆకుల అంచులు వేలితో తడిమితే ఆకారం తెలుస్తుంది. మాంటిస్సోరి చెప్పిన తత్వం పోలేదు, పెట్టె ఒక్కటే పోయింది. కానీ ఖర్చు తగ్గిందని దీన్ని మెచ్చుకుంటే సగమే చూసినట్టు. తను రోజూ తొక్కుకుంటూ తిరిగే గవ్వను పంతులమ్మ అపురూపంగా చేతిలోకి తీసుకుంటే, ఆ పిల్లవాడికి తన ఊరే అపురూపమవుతుంది. అది మరో సగం.

ఇక్కడ నాకు మన ముగ్గులు గుర్తొస్తాయి. వార్లీ ఆడవాళ్ళు పెళ్ళిళ్ళకు మట్టి గోడల మీద బియ్యప్పిండితో బొమ్మలు వేస్తారు. ఈ రోజుల్లో అవి చీరల మీదకు, గ్రీటింగు కార్డుల మీదకు కూడా ఎక్కాయి, మీరు చూసే ఉంటారు. రెండు ముక్కోణాలు ఎదురెదురుగా పెడితే మనిషి నడుము. సున్న చుడితే తల. మధ్యలో నలుచదరంగా చౌక్, అందులో పాలఘాట్ అనే దేవత. ఆ గోడ పక్కన ఆడుకునే పిల్లకు ముక్కోణం, వర్తులం, చదరం ఒకరు పెట్టెలో పెట్టి తెచ్చి నేర్పాలా! మన పిల్లలు కూడా చుక్కలు లెక్కపెట్టడం ఎక్కడ నేర్చుకున్నారండీ? పలక మీద కాదు, పేడనీళ్ళు చల్లిన వాకిట్లో.

అంతా తేనెలా సాగిందని మాత్రం అనుకోకండి. పిల్లలకు స్నానం చేయించి, గోళ్ళు కత్తిరించి, తల దువ్వడంతో వాళ్ళ రోజు మొదలయ్యేది. గజ్జీ, పుళ్ళూ ఉండే పిల్లలు. మంచి పనే. కానీ పట్నం నుంచి వచ్చిన తెల్లచీరల వాళ్ళు వచ్చీ రాగానే మా పిల్ల ఒళ్ళు రుద్దడం మొదలుపెడితే, మా పెంపకం బాగాలేదంటున్నారనే కదా తల్లికి తోచేది? శుభ్రతకీ చిన్నచూపుకీ మధ్య గీత చాలా సన్నం. ఆ గీత మీద నడవాలంటే రోజూ పోవాలి, యేళ్ళ తరబడి పోవాలి, వాళ్ళ జ్వరాలకూ కాన్పులకూ చావులకూ కూడా పోవాలి. ఒకనాటి దయతో జరిగే పని కాదు.

ఇంకో సంగతి. వీళ్ళు బోర్డీలో చాపలు పరిచిన ఆ 1945లోనే, ఆ ఉంబర్‌గావ్, డహాణూ తాలూకాల్లోనే వార్లీలు తిరగబడ్డారు. గోదావరీ పరుళేకర్ అనే మరో మరాఠీ ఆవిడ వాళ్ళ వెనక నిలబడి నడిపించింది. పెళ్ళి ఖర్చుకు ఆసామి దగ్గర అప్పు చేసిన వార్లీవాడు, ఆ అప్పు కింద భార్యతో సహా ఏళ్ళ తరబడి వెట్టి చేసే దుర్మార్గం అక్కడ ఉండేది. దాని మీద తిరుగుబాటు అది. ఆ అక్టోబరులో తల్వాడాలో కాల్పులు కూడా జరిగాయి. తల్లిదండ్రుల మెడ మీద కాడి ఉంటే పిల్లలకు గవ్వలాటలేమిటి అని ఎవరైనా అడిగితే అది కొట్టిపారేసే ప్రశ్న కాదు. నా మట్టుకు నాకు రెండూ కావలసినవే అనిపిస్తుంది. వెట్టి పోయినా, నీ మాట మాట కాదు, నీ ఆట ఆట కాదు అని బడి చెబితే పిల్ల తల మళ్ళీ వంగుతుంది. మా వాకిట్లో వంగింది కదా.

1957లో వాళ్ళ పని బోర్డీ నుంచి దగ్గర్లోనే ఉన్న కోస్‌బాడ్ గుట్ట మీదకు మారింది. అక్కడ చుట్టూ ఆదివాసీలే. ఇక్కడ మరో చిక్కు. పెద్ద పిల్ల బడికి రాదు. ఎందుకు రాదయ్యా అంటే చంకలో చెల్లెలు ఉంది. చెల్లెల్ని ఎవరు చూస్తారు? అమ్మ కూలికి పోయింది. ఇది మనకు కొత్త సంగతా? సరే, చెల్లెల్ని కూడా తీసుకురా అన్నారు. ఒకే చోట ఊయెల పిల్లలకు పాలనాగృహం, వాళ్ళ కంటే పెద్దవాళ్ళకు బాల్‌వాడీ, ఆ పైవాళ్ళకు ప్రాథమిక పాఠశాల పెట్టారు. దానికి వికాస్‌వాడీ అని పేరు. అక్క ఆ గదిలో అక్షరాలు దిద్దుతుంటే చెల్లి ఈ గదిలో ఊయెల్లో నిద్రపోతుంది. కట్టడానికి పెద్ద బుద్ధి అక్కర్లేదు, ఆ పిల్ల చంక వంక చూసే కళ్ళు కావాలి.

మగపిల్లల చిక్కు వేరు. వాళ్ళు పొద్దున్నే పశువులు తోలుకుపోతారు. పశువులు మానేసి బడికి రమ్మంటే ఇంట్లో గంజి ఎలా? అందుకని బడి పచ్చిక బయలుకు పోయింది. కురణ్‌శాల అన్నారు దాన్ని. కురణ్ అంటే పశువుల బీడు. ఆవులు మేస్తూ ఉంటాయి, పిల్లలు చెట్టు కింద చేరి చదువుతూ ఉంటారు. మేసే ఆవుల్ని లెక్కపెట్టినా లెక్కే. కనబడే చెట్టూ పిట్టా అన్నీ పాఠాలే. తారాబాయి, అనుతాయి దీని మీద పుస్తకమే రాశారు. తారాబాయికి 1962లో పద్మభూషణ్ ఇచ్చారు. 1973లో ఆవిడ పోయింది. తరవాత ఆ బరువంతా అనుతాయి మోసింది. ఆ గుట్ట మీది జీవితాన్ని కోస్‌బాడ్‌చ్యా టేకడీవరూన్, అంటే కోస్‌బాడ్ గుట్ట మీద నుంచి, అని మరాఠీలో రాసుకుంది.

మన వాళ్ళెవరూ ఇలాంటి పని చెయ్యలేదా అంటారేమో. చేశారు, వీళ్ళకంటే ముందే చేశారు. గిడుగు రామమూర్తి పంతులు గారు. వ్యావహారిక భాష అనగానే ఆయన పేరు చెబుతాం, ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవమని దండలు వేస్తాం. కానీ పర్లాకిమిడిలో మాస్టరుగా ఉండగా ఆయన చుట్టుపక్కల కొండల మీది సవరలను చూసి, ముందు తను వాళ్ళ భాష నేర్చుకున్నారు. తెలుగు వచ్చిన ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. ఇంట్లో పెట్టుకోవడమంటే ఆ రోజుల్లో ఒక బ్రాహ్మణ గృహంలో ఏమిటో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఇంట్లో ఆడవాళ్ళు ఎంత సర్దుకోవలసి వచ్చిందో దాని గురించి ఎవరూ రాయరు. సవర భాషలో వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బళ్ళు పెట్టి సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు. 1931లో ఆయన సవర వ్యాకరణం అచ్చయింది. మనం ఆయనను మన తెలుగు కోసం తలుచుకుంటాం గాని, వాళ్ళ సవర కోసం తలుచుకునేది ఎంతమంది?

1975 అక్టోబరు 2న కేంద్ర ప్రభుత్వం దేశం మొత్తం మీద 33 బ్లాకుల్లో సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలుపెట్టింది. ఆ కేంద్రాలకు అంగన్‌వాడీ అని పేరు పెట్టారు. తారాబాయి పోయి అప్పటికి రెండేళ్ళయింది, ఆవిడ చూడలేదు. ముప్ఫై మూడు బ్లాకులు కాస్తా దేశమంతా అయ్యాయి, లక్షల కేంద్రాలయ్యాయి. పిల్లల కడుపుకు అవి చేసిన మేలు తక్కువది కాదు. నేను పాలూ గుడ్లను చిన్నచూపు చూడటం లేదు, ఆకలితో ఉన్న పిల్లకు ఏ పాటా ఎక్కదు. కానీ పేరులో ఉన్న వాకిలి చాలా చోట్ల నాలుగు గోడల మధ్యకు వచ్చేసింది. గోడ మీద ఏ ఫర్ ఆపిల్ చార్టు వేలాడుతుంది. పక్కనే ఇప్పపూలు రాలే ఊళ్ళో పిల్లకు ఆపిల్ చూపించి, ఇప్పపువ్వు పేరు ఎత్తకపోవడం నాకు వింతగా ఉంటుంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ఒక మంచి పని మొదలయింది. గోండి, కోయ, కొలామి, కువి, కొండ, సవర, బంజారా, ఆదివాసీ ఒరియా, ఈ ఎనిమిది భాషల్లో ఆదివాసీ పిల్లలకు ఒకటో తరగతి వాచకాలు వేసి, ఇంటి మాటతో మొదలుపెట్టి మెల్లగా తెలుగులోకి తెచ్చే పద్ధతి. గిడుగు వారి పనికి నూరేళ్ళ తరవాత వచ్చిన కొనసాగింపు అనుకోవచ్చు. 2020 జాతీయ విద్యా విధానం కూడా వీలైనంత వరకు ఐదో తరగతి దాకా ఇంటి భాషలోనే చదువు చెప్పాలంది. కాగితం మీద మాట కాగితం మీద ఉంది. మన వీధుల్లో నర్సరీల బోర్డులు మరో మాట చెబుతున్నాయి, అది మీకూ తెలుసు, ఆ బోర్డులు చూసి ఫీజులు కట్టేది కూడా మనమే.

కొండలూ తండాలూ మనకు దూరం కదా, పట్నంలో ఉన్నాం మనకెందుకు అనుకుంటున్నారా? మొన్న మా మనవడి స్కూల్లో ఫ్యాన్సీ డ్రెస్ పోటీ జరిగింది. ఒక బాబుకు ఆకులు కట్టి, మొహానికి నల్లరంగు పూసి, చేతికి బాణం ఇచ్చి గిరిజనుడన్నారు. అందరం చప్పట్లు కొట్టాం, నాతో సహా. కొట్టాక గాని తోచలేదు, ఆ వరసల్లో ఏ గోండు తల్లో, ఏ కోయ తండ్రో కూర్చుని ఉంటే వాళ్ళ పిల్లకు ఏమనిపించి ఉండేది అని. టిఫిన్ డబ్బాల సంగతి కూడా ఉంది. జొన్నరొట్టె తెచ్చిన పిల్ల మూత కొంచెమే తీసి, చెయ్యి అడ్డం పెట్టుకుని తింటుంది. ఎండుచేపల వాసన వచ్చిందని ఒక పిల్లవాణ్ణి పక్క బల్ల మీదకు మార్చారని మనవడు ఇంటికొచ్చి చెప్పాడు. "నువ్వేమన్నావురా?" అంటే, "నేను కూడా ముక్కు మూసుకున్నా నానమ్మా" అన్నాడు. వాడికి ముక్కు మూసుకోవడం ఎవరు నేర్పారు? మా కోడలు నా వంక చూసింది, నేను కోడలి వంక చూశాను.

మరునాడు వాడి డబ్బాలో అదనంగా రెండు గారెలు పెట్టి, ఆ అబ్బాయికి ఇచ్చి వాడి డబ్బాలోది ఒక ముక్క అడిగి తిను అన్నాను. మాది శాకాహారం ఇల్లు. మా ఆయన పేపరు మడిచి, "చేపముక్క కూడానా?" అన్నారు. అది నాకు తట్టలేదు సుమండీ! చివరికి, వాడికి ఇష్టమైతే వాసన చూసి బాగుందని చెప్పమన్నాం. నవ్వకండి, ఇలాంటివి తేల్చుకోవడం తేలిక కాదు. వాళ్ళిద్దరూ ఏం చేసుకున్నారో గాని, ఆ అబ్బాయి ఇప్పుడు వారానికి రెండుసార్లు మా ఇంట్లో క్యారమ్స్ ఆడుతున్నాడు.

ఈ మధ్య మా వీధి చివరి అంగన్‌వాడీకి పాత బొమ్మలు ఇద్దామని వెళ్ళాను. ఎదురుగా అపార్టుమెంటు కడుతున్నారు. ఆ కూలీల పిల్లలు నలుగురైదుగురు చేరారు. వాళ్ళలో ఒక బుజ్జిది, తండా పిల్ల, ఏడుస్తూ ఏదో అడుగుతోంది. టీచరమ్మ పాలు చూపించింది, బొమ్మ చూపించింది, ఎత్తుకుంది. ఏడుపు ఆగలేదు. "ఏమంటోందో తెలియడం లేదమ్మా, పాణీ పాణీ అంటోంది" అంది నాతో.

"నీళ్ళు అడుగుతోంది" అన్నాను.

"మీకు వాళ్ళ భాష వచ్చా?" అంది.

మూడు మాటలు వచ్చునని చెప్పాను. ఆవిడ హాజరు పట్టీ వెనక అట్ట తిప్పి, పెన్ను తీసి, మిగతా రెండూ కూడా చెప్పమంది.